మూతపడే బొగ్గు గనిని మళ్లీ నేలగా మార్చడం ఎలా: ఓపెన్‌కాస్ట్ ప్రాంతాలకు పనుల వరుస

కొత్తగూడెం, రామగుండం, మందమర్రి, భూపాలపల్లి ప్రాంతాల పాఠకుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: "మట్టిగుట్టల మీద ఏ మొక్కలు నాటితే బతుకుతాయి?" ఆ ప్రశ్నకు జవాబు ఈ మార్గదర్శిలో ఏడో అంచెలో గానీ రాదు, ఎందుకంటే మొక్క ఎంపికకు చాలా ముందే దాని చావుబతుకులు తేలిపోయి ఉంటాయి. ముందు గుట్టకు (బొగ్గు కోసం తవ్వి తీసిన రాయీ మట్టీ పోసిన దిబ్బకు) ఆకారం, తరువాత నీటికి దారి, ఆ తరువాత మట్టి, దానిపై గడ్డి, చివరకు చెట్టు. ఈ వరుస తప్పిన చోట ఎంత ఖర్చు చేసినా రెండు వానాకాలాల్లో కొట్టుకుపోతుంది.

ఇది గనుల పర్యావరణ విభాగాల్లో పనిచేసేవారికీ, పనులు చేపట్టే కాంట్రాక్టర్లకూ, గని పక్క గ్రామాల పంచాయతీలకూ ఉద్దేశించినది. ఉదాహరణలన్నీ గోదావరి లోయ బొగ్గు ప్రాంతానికి, అంటే సింగరేణి గనులున్న నేలకు సరిపోయేవి.

1. ముందుగా ఏం చెడిందో లెక్క తీయండి

గని మూతకు ప్రణాళిక రాసేవారు చాలామంది నేరుగా పరిష్కారాలలోకి దిగుతారు. అంతకు ముందు ఒక పూర్తి సంవత్సరం కొలతలు తీసుకోవాలి; వేసవి, వానాకాలం, చలికాలం మూడూ అందులో ఉండాలి.

నీటితో మొదలుపెట్టండి. ఓపెన్‌కాస్ట్, అంటే పై నేలనంతా తొలగించి బొగ్గు తీసే గని గోతిలోంచి ఏళ్ల తరబడి నీటిని తోడుతూ ఉంటే చుట్టుపక్కల బావుల మట్టం పడిపోతుంది. పంపులు ఆపిన తరువాత ఆ మట్టం మళ్లీ పైకి రావడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల గని చుట్టూ ఉన్న బావులను ఎంచుకొని, మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి నీటిమట్టం కొలిచి రాసిపెట్టాలి. ఈ పట్టిక లేకపోతే "మా బావి గని వల్ల ఎండింది" అని రైతు అన్నప్పుడు, అవునని గానీ కాదని గానీ రుజువు చేయడం ఎవరి తరమూ కాదు.

నీటి గుణం విషయంలో ఒక అపోహ ఉంది. బొగ్గు గని అనగానే ఆమ్లపు నీరు గుర్తుకొస్తుంది. గంధకం ఎక్కువగా ఉండే ఈశాన్య రాష్ట్రాల బొగ్గులో, ముఖ్యంగా మేఘాలయలోని జైంతియా కొండల్లో, ఆ సమస్య తీవ్రంగా ఉంది. గోదావరి లోయ బొగ్గు గోండ్వానా అనే ప్రాచీన రాతి పొరలది, దానిలో గంధకం తక్కువ. ఇక్కడ ఎక్కువగా చూడవలసినవి నీటి కాఠిన్యం, కరిగిన లవణాలు, సల్ఫేటు, ఫ్లోరైడు, వానాకాలంలో గుట్టల నుంచి వాగులోకి దిగే ఒండ్రు. అయినా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) కొలవడం మానకూడదు. ఒకే గనిలో ఒక పొర మిగతావాటికి భిన్నంగా ఉండవచ్చు.

తొలి ఏడాది నమోదు చేయవలసినవి:

- బావుల నీటిమట్టం, గోతి నీటి మట్టం
- వాగులో గనికి ఎగువన, దిగువన నీటి నమూనాలు
- ప్రతి మట్టిగుట్ట ఎత్తు, వాలు, వయసు, వాననీటి కోతలు పడిన చోట్లు
- బొగ్గు పొర బయటపడి ఉన్న అంచులు, వేడి లేదా పొగ ఆనవాళ్లు
- పాత భూగర్భ గనుల మ్యాపులు, నేల కుంగిన చోట్లు, పగుళ్లు
- గని అడ్డురావడంతో మళ్లించిన వాగులు, తెగిపోయిన బండ్లబాటలు, పూడిపోయిన కుంటలు

చివరి అంశాన్ని గని ఆఫీసులో కూర్చొని రాయలేరు. ఊరి పెద్దలను వెంటబెట్టుకొని ఒక రోజంతా నడవాలి.

2. కాగితాలు, డబ్బు: ఐదేళ్ల ముందు

బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గని మూత ప్రణాళికలకు మార్గదర్శకాలు ఇచ్చింది; 2013లోనూ, 2020లోనూ, 2025లోనూ వాటిని సవరించింది. కాబట్టి మీ గనికి ఆమోదం ఏ నిబంధనల కింద వచ్చిందో ముందుగా చూసుకోవాలి. తుది మూత ప్రణాళికను, తాజా ఖర్చు అంచనాతో సహా, గని మూసే తేదీకి కనీసం ఐదేళ్ల ముందు సమర్పించాలన్నది 2009 మార్గదర్శకాల్లోని నియమం.

ఖర్చు కోసం గని యాజమాన్యం, బొగ్గు నియంత్రణాధికారి, బ్యాంకు కలిసి ఒప్పందం చేసుకొని ఎస్క్రో ఖాతా (షరతులు తీరాకే డబ్బు వెనక్కి ఇచ్చే ఖాతా) తెరవాలి. 2009 లెక్క ప్రకారం ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి 1 లక్ష. 2020లో వీటిని 9 లక్షలకు, 1.5 లక్షలకు పెంచారు. 500 హెక్టార్ల ఓపెన్‌కాస్ట్ అనుకుంటే 2020 మూల రేటుతోనే 45 కోట్లు అవుతుంది. ఆయా దశల పని పూర్తయిందని తనిఖీలో తేలితే ఖాతా నుంచి కొంత భాగం వెనక్కి వస్తుంది. అందుకే ఏటేటా చేసిన పనికి ఫొటోలు, కొలతలు, బిల్లులు ఒకేచోట ఉంచుకోవాలి. చివరి ఏడాది ఫైళ్ల కోసం వెతికేవారిని నేను చాలామందిని చూశాను.

భూమి ఎవరికి వెళుతుందో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. అటవీ భూమి అయితే అటవీ శాఖ మాటే ప్రధానం. రైతుల నుంచి సేకరించిన పట్టా భూమి గని మూసినంత మాత్రాన దానంతటది పాత యజమానికి తిరిగి రాదు. ఈ సంగతిని గ్రామసభలో దాచకుండా చెప్పడం మంచిది.

3. పైమట్టిని విడిగా కాపాడండి

బతికి ఉన్న మట్టి పైనున్న ఒక అడుగు లోతులోనే ఉంటుంది. దాన్ని కింది రాతిమట్టితో కలిపేస్తే మళ్లీ వేరు చేయలేరు. తీసిన పైమట్టిని వీలైతే అదే ఏడాది, సిద్ధమైన గుట్టపై పరచాలి. నిల్వ చేయక తప్పకపోతే తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, వెంటనే జనుము గానీ జీలుగ గానీ చల్లాలి. ఎత్తుగా పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే లోపల గాలి ఆడక సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

మూతకు దగ్గరపడిన గనుల్లో సాధారణంగా పైమట్టి చాలదు. లెక్క చూడండి: హెక్టారుపై 30 సెంటీమీటర్ల మందాన పరచడానికి 3,000 ఘనపు మీటర్లు కావాలి. అదే హెక్టారులో 2 మీటర్ల ఎడంతో 2,500 గుంతలు, ఒక్కొక్కటి 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వి, వాటిని మాత్రమే మంచి మట్టితో నింపితే సుమారు 230 ఘనపు మీటర్లు సరిపోతుంది. అంటే ఉన్న కొద్ది మట్టిని గుట్ట పైభాగాన పలుచగా చల్లి పోగొట్టుకోవడం కంటే గుంతల్లో వాడటం మేలు. వేసవిలో చెరువుల పూడిక తీసేటప్పుడు వచ్చే ఒండ్రుమట్టి ఈ లోటు తీర్చడానికి మన దగ్గర దొరికే మంచి వనరు. ముందు పొలాలకు అడిగిన రైతులకు ఇచ్చి, మిగిలినదే తీసుకోవాలి.

4. గుట్టకు ఆకారం ఇవ్వండి

గోదావరి లోయలో బొగ్గు పైనున్నది ఎక్కువగా ఇసుకరాయి. పగిలి గుట్టగా పడ్డాక అందులో బంకమట్టి తక్కువ, అతుకు తక్కువ. డంపర్ నుంచి జారినప్పుడు అది సుమారు 37 డిగ్రీల వాలులో నిలబడుతుంది. ఆ వాలు చూడటానికి నిలకడగానే అనిపిస్తుంది. ఒక డంపర్ ఆపరేటర్ నాతో అన్నమాట ఇది: "సార్, ఎండకాలం ఇది గుట్ట. వాన పడితే నడుస్తది."

పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా కనిపించే షరతు, గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదని. దీన్ని నేల మీద ఎలా సాధించాలో ఒక ఉదాహరణతో చూద్దాం. 30 మీటర్ల చొప్పున మూడు మెట్లుగా 90 మీటర్ల గుట్ట ఉందనుకోండి. 28 డిగ్రీల వాలుకు పాదం నుంచి శిఖరం అంచు దాకా అడ్డంగా సుమారు 169 మీటర్లు కావాలి. మూడు మెట్ల ముఖాలు 37 డిగ్రీల వద్ద సుమారు 119 మీటర్లు తీసుకుంటాయి. మిగిలిన 50 మీటర్లను రెండు మెట్టు అంచులకు (ముఖాల మధ్య ఉండే చదును భాగాలకు) పంచితే ఒక్కొక్కటి 25 మీటర్ల వెడల్పు రావాలి. మీ గుట్టపై మెట్టు అంచు పది మీటర్లే ఉంటే, కాగితంపై ఏం రాసి ఉన్నా, ఆ గుట్ట షరతుకు లోబడి లేదు.

మెట్టు అంచును బయటివైపుకు కాక లోపలివైపుకు, గుట్ట గోడ వైపుకు వాలేలా చదును చేయాలి. బయటి అంచున చిన్న కట్ట వేయాలి. ఈ ఒక్క పని చేసిన గుట్టలు, చేయని గుట్టలు పక్కపక్కనే ఉంటే తేడా తొలి ఆగస్టులోనే కనబడుతుంది.

గుట్ట లోపల ఏది ఎక్కడ పడాలన్నది కూడా ముఖ్యమే. నల్లని బొగ్గుపలక (బొగ్గు కలిసిన పలకరాయి), పనికిరాని బొగ్గు చూర అడుగున, మధ్యలో పడాలి, వాటిపై ఇసుకరాయి, అన్నిటికంటే పైన బంకమట్టి, పైమట్టి. బొగ్గుపలక పైకి వస్తే వేసవిలో ఆ నల్లని నేల కాలి, విత్తనం మొలిచినా మాడిపోతుంది. పైగా అది తనంతట తాను వేడెక్కి రాజుకునే ప్రమాదం ఉంది.

5. నీటికి దారి చూపండి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. నేను చూసిన వైఫల్యాలలో అధిక భాగం నీటి వల్ల వచ్చినవే.

పనుల వరుస పై నుంచి కిందికి ఉండాలి: శిఖరంపై పడిన వాన అక్కడే ఇంకేలా చిన్న గళ్ల కట్టలు, ప్రతి మెట్టు లోపలి అంచున కాలువ, ఆ కాలువల నీటిని కిందికి దింపే జారుడు మార్గం, గుట్ట పాదాన రాతిగోడ, దాని వెలుపల చుట్టుకాలువ, చుట్టుకాలువ చివర ఒండ్రు దిగే కుంట, కుంటకు అలుగు, అక్కడి నుంచి వాగు.

జారుడు మార్గాన్ని కాంక్రీటుతో కట్టాలన్న తొందర చాలామందికి ఉంటుంది. కొత్త గుట్ట కొన్నేళ్ల పాటు ఒక్కోచోట ఒక్కోలా కుంగుతూనే ఉంటుంది, కాంక్రీటు పగులుతుంది, నీరు పగుళ్లలోంచి కిందికి చేరి, పైకి ఏమీ కనబడకుండానే లోపల గుహ చేస్తుంది. తీగ బుట్టల్లో పేర్చిన రాళ్లు గుట్టతో పాటే కుంగుతాయి, పగలవు. కాంక్రీటు పని గుట్ట కుదురుకున్నాక చేసుకోవచ్చు.

ఒండ్రు కుంట పరిమాణాన్ని అందాజాగా పెట్టకూడదు. 20 హెక్టార్ల గుట్టపై ఒక్క రోజులో 50 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 ఘనపు మీటర్ల నీరు. అందులో అరవై శాతం పారిందనుకున్నా 6,000 ఘనపు మీటర్లు ఆ కుంటకు చేరుతుంది. గోదావరి లోయలో అంతకు మించిన వానలు ప్రతి ఏడాదీ పడతాయి. బయటికి వదిలే నీటిలో తేలియాడే ఒండ్రు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది బొగ్గు గనులకు ఉన్న ప్రమాణం. నీరు కుంటలో నిలవకుండా పారిపోతే దాన్ని అందుకోలేరు.

మే నెలాఖరులోగా చూడవలసినవి:

- చుట్టుకాలువలో, కుంటలో పూడిక తీశారా?
- మెట్టు కాలువల్లో రాళ్లు పడి నీరు అడ్డం తిరిగే చోట్లు ఉన్నాయా?
- అలుగు మట్టం కుంట కట్ట కంటే తగినంత కిందికి ఉందా?
- నిరుడు పడిన కోతల తలభాగాన నీటిని పక్కకు మళ్లించారా?

6. మట్టిని పరీక్షించి సిద్ధం చేయండి

ప్రయోగశాల ఫలితాలు రాకముందే నేల మీద మూడు పరీక్షలు చేయవచ్చు.

మొదటిది గడ్డపార పరీక్ష. గుట్టపై బుల్డోజరు తిరిగిన చోట గడ్డపార వేయండి. అది రెండు అంగుళాలు దిగి ఖణేల్‌మంటే అక్కడ వేరు కూడా దిగదు. రెండవది గుంత పరీక్ష: మొక్క గుంతను నీటితో నింపి ఎంతసేపటికి ఇంకుతుందో చూడాలి. రాత్రి నింపిన నీరు తెల్లవారి కూడా నిలిచి ఉంటే మొక్క కుళ్లుతుంది. నిమిషాల్లో మాయమైతే వేసవిలో ఎండుతుంది. మూడవది సీసా పరీక్ష: గాజుసీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీరు పోసి బాగా కుదిపి ఉంచితే, ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, సన్న ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మరునాటికి. పొరల మందం చూస్తే ఎంత పూడికమట్టి కలపాలో అంచనా వస్తుంది.

గట్టిపడిన నేలను ఏప్రిల్, మే నెలల్లో, పొడిగా ఉన్నప్పుడే, రిప్పర్‌తో (బుల్డోజరు వెనక ఉండే ఇనుప కొండితో) 50 నుంచి 60 సెంటీమీటర్ల లోతుకు చీల్చాలి. వాలుకు అడ్డంగా చీల్చాలి గానీ వాలు వెంట కాదు. పైమట్టి పరిచాక దానిపై బరువు యంత్రాలను తిప్పకూడదు.

ప్రయోగశాలకు పంపేటప్పుడు పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్ అడగండి. కొత్త గుట్టలో సేంద్రియ కర్బనం దాదాపు ఉండదు. యూరియాతో ఆ లోటు తీరదు, పశువుల ఎరువు, పచ్చిరొట్టతోనే తీరుతుంది.

7. ముందు గడ్డి, తరువాత చెట్టు

తొలి వానాకాలం గడ్డికీ, పప్పుజాతి మొక్కలకూ వదిలేయాలి. రెండు మంచి వానలు పడి నేల తడిసిన తరువాత స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం), జనుము, జీలుగ, పిల్లిపెసర కలిపి చల్లాలి. స్టైలో విత్తనం పెంకు గట్టిది. బాగా వేడి చేసిన, మరగని నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీటిలో నానబెడితే మొలక బాగా వస్తుంది. నిటారు ముఖాలపై కొబ్బరిపీచు వల పరిచి, దాని కింద విత్తనం వేయాలి. వాలుకు అడ్డంగా వరుసలుగా వట్టివేరు నాటాలి. జనుము, జీలుగ పూతకు వచ్చే సమయానికి కోసి అక్కడే పరచాలి, గుట్ట నుంచి బయటికి తీసుకుపోకూడదు.

చెట్లను రెండో వానాకాలంలో నాటాలి. పొడి వాలులకు వేప, కానుగ, దిరిసెన, రేల, మోదుగ, నారేప. తేమ నిలిచే పాదభాగాన వెదురు, నేరేడు. కుంట గట్లపై మద్ది. విత్తనం చుట్టుపక్కల అడవుల నుంచే సేకరిస్తే ఇక్కడి ఎండకు తట్టుకుంటుంది. జామాయిల్, సుబాబుల్ త్వరగా పచ్చబడతాయి, ఫొటోకు బాగుంటాయి. కానీ జామాయిల్ నీడలో మరో మొక్క సరిగ్గా పెరగదు. సుబాబుల్ తనంతట తానే వ్యాపించి మిగతావాటిని తొక్కేస్తుంది. సర్కారు తుమ్మను మాత్రం ఏ పరిస్థితిలోనూ నాటకూడదు, మొలిస్తే పీకేయాలి.

ఒక గుట్టపై మూడేళ్ల క్రితం నాటిన మొక్కలు నడుమెత్తు కూడా ఎదగలేదని పిలిస్తే వెళ్లాను. ఒక వేప మొక్కను మెల్లగా తవ్వి తీశాము. వేరు కింద నల్లని పాలిథిన్ సంచి అలాగే ఉంది. వేర్లు దాని లోపలే చుట్టలు చుట్టుకొని తాడులా అయ్యాయి. పక్కన మరో ఆరు తీసి చూస్తే నాలుగింటి పరిస్థితీ అదే. గుంతకు ఇంత అని కూలి కట్టినప్పుడు సంచి చింపే ఓపిక ఎవరికి ఉంటుంది? నాటే రోజున చింపిన సంచులను లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. సంచుల లెక్క మొక్కల లెక్కతో సరిపోవాలి.

8. మిగిలిన గోతి

గోతి మిగలడానికి మట్టి చాలకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. టన్ను బొగ్గుకు 5 ఘనపు మీటర్ల రాయి తీసిన గనిని ఊహించుకోండి. తవ్విన రాయి ఇరవై శాతం ఉబ్బినా 6 ఘనపు మీటర్లు అవుతుంది. ఖాళీ అయినది రాయి 5, టన్ను బొగ్గు సుమారు 0.7 కలిపి 5.7 మాత్రమే. మట్టి ఉంది, కానీ మొదటి ఏళ్లలో బయట పోసినదాన్ని మళ్లీ ఎత్తి తేవడం ఖర్చుతో కూడుకున్న పని. కాబట్టి గని నడుస్తుండగానే తవ్విన మట్టిని గోతిలోనే వెనక్కి పోయడం ఎంత ఎక్కువ చేస్తే చివరి గోతి అంత చిన్నది అవుతుంది.

గోతిని నీటి కుంటగా వదిలేటట్లయితే:

- బయటపడి ఉన్న బొగ్గు పొరల అంచులను నీరు చేరకముందే మట్టితో మందంగా కప్పాలి.
- కనీసం ఒక వైపు, మనిషీ పశువూ జారిపడినా పైకి ఎక్కి రాగలిగేంత మెల్లని వాలు చేయాలి.
- మిగతా వైపుల కంచె, దాని వెలుపల కందకం, తెలుగులో పెద్ద అక్షరాల హెచ్చరిక బోర్డులు ఉండాలి.
- పైపొర నీరు, అడుగు నీరు వేరువేరుగా పరీక్షించాలి. లోతైన గోతుల్లో రెండూ ఒకేలా ఉండవు.

తాగునీటికి వాడదలిస్తే శుద్ధి తప్పనిసరి. భారత ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. సల్ఫేటుకు ఆ హద్దులు 200, 400. చేపల పెంపకానికి ఇచ్చే ముందు ఏడాది పాటు పరీక్షలు చూసుకోవాలి.

9. కింద పాత గనులు ఉన్నచోట

ఇక్కడి ఓపెన్‌కాస్ట్‌లలో కొన్ని పాత భూగర్భ గనుల మీదుగా తవ్వినవే. పైకప్పుకు ఆధారంగా వదిలిన పిల్లర్ల బొగ్గుకు గాలి తగిలితే వేడెక్కుతుంది. ఝార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916లో మొదలైన మంటలు నేటికీ ఆరలేదు. నేల పగుళ్లను వానకు ముందే తవ్వి, బంకమట్టి కూరి, పైన చిన్న దిబ్బలా ఎత్తుచేసి మూయాలి. ఇసుక పోస్తే గాలి ఆగదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గట్లపై నడిస్తే, లోపల వేడి ఉన్నచోట ఆవిరి లేచి కనబడుతుంది, కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. థర్మల్ కెమెరా ఉంటే ఇంకా మంచిది.

ఇంక్లైన్లు (భూగర్భ గనిలోకి వాలుగా దిగే దారులు), షాఫ్టుల (నిట్టనిలువుగా దిగే బావుల) మూత గనుల భద్రత డైరెక్టరేట్ నిబంధనల ప్రకారమే జరగాలి. ముళ్లకంప అడ్డం పెట్టడం మూత కాదు. లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు, కాబట్టి చూడటానికి కూడా ఎవరినీ దిగనివ్వకూడదు.

10. మూత తరువాత మూడేళ్లు

మూత తరువాత కనీసం మూడేళ్ల పర్యవేక్షణకు ప్రణాళికలో డబ్బు, మనుషులు ఉండాలి. మొక్కలను నాటిన ఏడాది డిసెంబరులో లెక్కపెట్టి "తొంభై శాతం బతికాయి" అని రాయడం ఎక్కువగా జరుగుతుంది. ఆ అంకెకు విలువ లేదు. మూడో వేసవి దాటాక, జూన్ మొదటి వారంలో లెక్కపెట్టండి.

ప్రతి ఏడాది రాసుకోవలసినవి: బతికిన మొక్కలు జాతులవారీగా, నాటకుండా తమంతట తాము మొలిచినవి, కొత్తగా పడిన కోతల పొడవు, కుంటలో చేరిన పూడిక, అవే బావుల నీటిమట్టం మే, నవంబరులలో. ఈ లెక్కల పుస్తకం ఒక ప్రతి గ్రామ పంచాయతీలో ఉండాలి. అప్పగింత రోజున సంతకాలకు ముందు, మొదటి ఏడాది ఊరి పెద్దలతో నడిచిన దారినే మళ్లీ నడిచి, అప్పుడు గుర్తించిన బండ్లబాట, కుంట, వాగు ఇప్పుడు ఎక్కడున్నాయో మ్యాపుపై వారి ఎదుటే గుర్తు పెట్టండి.